సంచి ఊపిరి

నిలబడటం

నర్సు పని అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నిలబడటం అని చెబుతాను. సూదులు వేయడం, సెలైన్లు ఎక్కించడం, కట్లు మార్చడం, డాక్టరు వెనక తిరగడం, ఇవన్నీ నిలబడి చేసే పనులే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా ప్రభుత్వ దవాఖానల్లో నిలబడ్డాను. ఇప్పుడు మోకాళ్లు మెట్లను చూస్తేనే మొరాయిస్తున్నాయి. పిక్కల మీద నరాలు ఉబ్బి తేలాయి. రిటైరైన రోజు నాకు శాలువా కప్పి, ఈవిడ ఎన్నో ప్రాణాలు కాపాడిందని మైకులో చెప్పారు. కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు కాబట్టి నాకు నచ్చింది.

మా వీధిలో ఇద్దరు అమ్మాయిలకు ఈ మధ్యే స్టాఫ్ నర్సు ఉద్యోగాలు వచ్చాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికొచ్చి కూర్చున్నారు. ఏ వార్డులో పని తక్కువ, ఎవరిని పట్టుకుంటే దగ్గర ఊరికి బదిలీ అవుతుంది అని అడిగారు. తప్పేం లేదు, నేనూ ఆ వయసులో అవే అడిగాను. వాటికి జవాబులు ప్రతి దవాఖాన బయటా టీ కొట్టు దగ్గర దొరుకుతాయి. ప్రమోషన్ల గురించీ అక్కడే తెలుస్తుంది. నాకు తెలిసినవి వేరే ఉన్నాయి. అవి చెబుతూ ఉంటే మధ్యలో ఒకమ్మాయి ఫోన్ మోగింది, వెళ్లిపోయారు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మొదట అలసట గురించి. అది తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నిద్రపోతే పోయేది ఒళ్లు నొప్పి. చెప్పిన మాటనే పొద్దున ఒకరికి, మధ్యాహ్నం ఒకరికి, రేపు మరొకరికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి చూడండి, ఆ అలసట పోదు. పాలివ్వమ్మా అని, మాత్రలు మధ్యలో ఆపొద్దని, కుక్క కరిస్తే పసుపు పెట్టొద్దని నేను చెప్పిన మాటలన్నీ పోగేస్తే ఒక మనిషి జన్మంతా మాట్లాడే మాటలకన్నా ఎక్కువే అవుతాయి. విన్నవాళ్లు విన్నారు. విననివాళ్ల మీద మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కోపానికి కూడా ఓపిక కావాలి.

పాత రోజులే నయం అనే వాళ్లతో

పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన ఎవరో ఒకరు కూర్చుని, మా తాతల కాలంలో ఈ రోగాలెక్కడివి, ఈ మందులు వచ్చాకే రోగాలొచ్చాయి అంటారు. ఒకప్పుడు వాదించేదాన్ని. ఇప్పుడు పెరుగు వేయించుకుని తిని చేయి కడుక్కుంటాను. కానీ ఉద్యోగంలో చేరబోయేవాళ్లకు చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మా అమ్మా నాన్నా కాలువ పనులకు, కట్ట పనులకు వలస పోయేవాళ్లు. మట్టి మోసిన చోటే గుడారం, గుడారంలోనే కాన్పు. మా అమ్మ కన్నవాళ్లలో బతికింది నేనూ మా అన్నా. మిగతావాళ్లు తట్టుకు కొందరు, విరేచనాలకు కొందరు పోయారు. ఒక్కొక్కరిని ఒక్కో కట్ట కింద పూడ్చి వచ్చారు. ఆ రోగాలకు అప్పటికే టీకా ఉంది, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లున్నాయి. కానీ మా గుడారం దాకా రాలేదు. తాతల కాలంలో రోగాలు లేవనే మనిషికి మా అమ్మను చూపించాలని చాలాసార్లు అనుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ధనుర్వాతం వచ్చిన పసిబిడ్డల్ని తెచ్చేవాళ్లు. కొడవలితో బొడ్డు కోసి బూడిద పెట్టేవాళ్లు. పుట్టిన వారం తిరగకముందే బిడ్డ దవడ బిగుసుకునేది. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా విల్లులా వంగేది. గది చీకటి చేసి, చెప్పులు విడిచి, అడుగు చప్పుడు కాకుండా తిరిగేవాళ్లం. అయినా పోయేవాళ్లు. గర్భిణులకు సూది వేయడం మొదలై, అది ఊరూరికీ చేరాక ఆ చీకటి గదిలో సామాన్లు పెట్టుకున్నాం. ఎప్పుడు ఖాళీ అయిందో నాకు గుర్తు లేదు, ఎవరం గమనించలేదు. మా వీధి అమ్మాయిలు అలాంటి బిడ్డను కళ్లతో చూడలేదు, చూడబోరు. అది తలుచుకుంటే నాకు నిజంగా ఏడుపొస్తుంది, సంతోషంతోనే. రాని రోగానికి ఎవరూ మొక్కు చెల్లించరు కదా, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

స్టాండు మూలన పెట్టించిన డాక్టరమ్మ

నాగర్‌కర్నూల్‌లో నా మొదటి పై అధికారి ఒక డాక్టరమ్మ. నోరు చాలా చెడ్డది. మమ్మల్ని తిట్టని రోజు ఆమెకు అన్నం అరగదని అనుకునేవాళ్లం. ఒకసారి కాన్పయ్యాక రక్తం ఆగని మనిషిని తెచ్చారు. భర్త వరండాలో గోడకు తల కొట్టుకుంటున్నాడు. ఆమె అతన్ని లోపలికి పిలిచి, సెలైన్ సీసా చేతికిచ్చి, పైకెత్తి పట్టుకుని నిలబడమంది. కిందికి దించావంటే నీ పెళ్లాం పోతుందని బెదిరించింది కూడా. సెలైన్ తగిలించే స్టాండు పక్కనే ఉంది. దాన్ని నాతో మూలకు నెట్టించింది.

భార్యకు రక్తం ఆగేదాకా అతను చేయి దించలేదు. తర్వాత నేను, స్టాండు ఉంది కదా మేడం అని అడిగాను.

"స్టాండుకు పని లేకున్నా ఏం కాదు. వాడికి పని లేకుంటే తల పగలగొట్టుకుంటడు" అంది.

నర్సింగ్ స్కూల్లో నాకు ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. రోగి బంధువులు అడ్డమని అనుకుంటాం. బయటికి తోసి తలుపేస్తాం. తలుపవతల చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు భయం పెరుగుతుంది. భయం ముదిరాక వచ్చి రోగిని తీసుకుపోతామంటారు. తర్వాత వచ్చిన పెద్ద డాక్టర్లలో కొందరు అలాంటప్పుడు మూర్ఖులని అరిచేవాళ్లు. అరిస్తే వాళ్లు మరింత తొందరగా తీసుకుపోయేవాళ్లు. అరిచినవాళ్లు చెడ్డవాళ్లని అనను. అందరూ అలసిపోయినవాళ్లే. కానీ అరుపు వల్ల ఆగిన బండిని నేను ఒక్కదాన్నీ చూడలేదు.

జములమ్మ

ఇక అసలు సంగతి. ఇది ఏ ఊరి దవాఖానలో జరిగిందో చెప్పను, నేను పనిచేసిన వాటిలో ఒకటి అనుకోండి. మనుషుల పేర్లు కూడా మార్చాను.

పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ నడిచే రోజులు. ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. రేపు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గను ఈ రోజు సాయంత్రం వెతికి పట్టుకుని, గోటితో రేకులూ పుప్పొడీ ఒలిచేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి తాకించాలి. పొద్దెక్కితే పనికిరాదు. ఒక్క పూట మానితే ఆ పూట పువ్వులన్నీ పోయినట్టే. అందుకని చాలామంది చేలోనే గుడిసె వేసుకుని పడుకుంటారు. ఒకరి చేనుకు ఇంకొకరు పోయి చేసి, మళ్లీ వాళ్లను మన చేనుకు రప్పించుకోవడాన్ని బదులు అంటారు. ఆడవాళ్లంతా ఆ నెలల్లో బదుళ్ల మీదే నడుస్తారు.

వడ్డేపల్లి వైపు ఊరి నుంచి జములమ్మను ఆటోలో తెచ్చారు. పాతికేళ్లు ఉంటాయేమో. వెంట అత్త తిమ్మక్క, భర్త పరశన్న. పొద్దున లేస్తూనే కడుపు నొప్పి అందట. చేలో మందు కొట్టారు కదా, ఆ వాసన పట్టిందనుకుని నిమ్మకాయ నీళ్లు తాగించారు. రెప్పలు వాలిపోతుంటే నిద్ర చాలలేదనుకున్నారు. ఆ రెప్పలతోనే ఆమె కాసేపు పని కూడా చేసిందట. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాక అప్పుడు భయపడ్డారు.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు. మీసాలు సరిగా రాని మనిషి. రెప్పలెత్తి చూశాడు, నాలుక చాపమన్నాడు, తన వేలు వైపు చూడమన్నాడు. ఏదీ ఆమెకు కుదరలేదు. రాత్రి ఎక్కడ పడుకుందని అడిగాడు. కింద, చాప మీద అన్నారు. కట్ల పాము అన్నాడు. ఒంటిమీద కాటు లేదు, వాపు లేదు. పాము కరిస్తే మంట ఉండదా, మనిషికి తెలియదా అని తిమ్మక్క వాదించింది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. అన్ని పాములకూ అలాగే ఉంటుంది, దీనికొక్కదానికే ఉండదు. పళ్లు సన్నం, నొప్పి ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు దోమ కుట్టినంత కూడా తెలియదు.

విరుగుడు మందు సీసాలు కలిపి ఎక్కించాం. గుర్రాలకు కొంచెం కొంచెంగా విషం పట్టించి వాటి రక్తం నుంచి తీసే మందు అది. రక్తంలో తిరిగే విషాన్ని అది పట్టేస్తుంది. అప్పటికే నరాలను పట్టుకున్న విషాన్ని మాత్రం వెంటనే వదిలించలేదు. నరాలు తేరుకోవడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా మనిషి తనంతట ఊపిరి తీయలేదు, మనం ఇవ్వాలి. ఇస్తే చాలు, మిగతా ఒళ్లంతా బాగానే ఉంటుంది, లేచి కూర్చుంటుంది. ఇవ్వకపోతే కాసేపట్లో అయిపోతుంది.

మధ్యాహ్నానికి ఊపిరి ఆగింది. చిన్న డాక్టరు గొంతులో గొట్టం వేశాడు, నేను అంబు బ్యాగు తగిలించి నొక్కడం మొదలుపెట్టాను. చూడని వాళ్లకు చెబుతున్నాను, అది గుమ్మడికాయంత రబ్బరు సంచి. నొక్కితే గాలి లోపలికి పోతుంది, వదిలితే బయటికొస్తుంది. అంతే. అప్పట్లో మా దగ్గర వెంటిలేటర్ లేదు. ఉన్నచోట్లకు డాక్టరు ఫోన్ చేస్తే ఖాళీ లేదు, అయితే చెబుతామన్నారు.

తిమ్మక్క లోపలికొచ్చింది. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండే మనిషి. కోడలి రెప్ప ఎత్తింది. కనుగుడ్డు కదలలేదు. పేరు పెట్టి పిలిచింది, చెంప మీద తట్టింది, చేయి గిల్లింది. చేయి ఎత్తి వదిలితే పడిపోయింది. ఆమె ఏడవలేదు. బయటికెళ్లి, వెంట వచ్చిన మరిది వరస మనిషితో ఆటో సిద్ధం చేయమంది. గేటు దగ్గర ఇంజను చప్పుడు నాకు వినిపించింది.

ఏ ఊపిరి లెక్క

చిన్న డాక్టరు వరండాలోకి పోయి వాళ్లకు వివరించబోయాడు. నరం, కండరం అంటూ చాలా ఓపికగా చెప్పాడు. ఆమె బతికే ఉంది, గుండె కొట్టుకుంటోంది, కావాలంటే చేయి పెట్టి చూడండి అన్నాడు. తిమ్మక్క వచ్చి చేయి పెట్టి చూసింది. కొట్టుకుంటోంది. ఆ కొట్టుకునేది మీరు సంచి నొక్కబట్టే, సంచి ఆపితే అదీ ఆగుతది గదా అంది. ఆగుతుంది మరి. అతను పై అధికారికి ఫోన్ చేశాడు. పెద్ద డాక్టరు ఫోన్‌లో, సంతకం పెట్టించుకుని పంపెయ్, నీ మీదికి తెచ్చుకోకు అన్నాడు.

తిమ్మక్కను రాక్షసి అనుకోకండి. ఆమె లెక్క ఆమెకుంది. మా వైపు చాలా ఊళ్లలో మనిషి ఇంట్లోనే పోవాలి. బయట పోయిన శవాన్ని ఊళ్లోకి రానివ్వరు, ఇంటి గడప దాటనివ్వరు. పొలిమేర బయటే పెట్టి, అక్కణ్నుంచే తీసుకుపోతారు. కోడలికి ఆ గతి పట్టకూడదని ఆమె ఆరాటం. దవాఖానల్లో ఎన్నో ప్రాణాలు ఈ ఆరాటం వల్లే పోయాయి. ఊపిరి ఉండగానే ఇల్లు చేర్చాలని సెలైన్లు పీకించుకుని పోయేవాళ్లను ఎందరిని చూశానో. ఇంకాసేపు ఉంటే బతికేవాళ్లు వాళ్లలో చాలామంది.

ఆమె నా ఎదురుగా నిలబడింది. నేను సంచి నొక్కుతూనే ఉన్నాను.

"సిస్టరమ్మా, ఊపిరి ఉండంగనే ఇల్లు చేర్చాలె. నా కోడలిని పొలిమేర కాడ పండబెట్టలేను. ఇడ్సి పెట్టు" అంది.

"నేను ఇడ్సిపెడితే గేటు దాటకముందే పోతది" అన్నాను.

"అట్లైతే ఆ సంచి మాకియ్యి. ఇంటిదాక ఆటోల నేనే నొక్కుత. ఇంట్ల పండబెట్టినంక తీస్త."

అది నేను ఊహించని మాట. విషం గురించి, నరాల గురించి మళ్లీ మొదలుపెట్టే ఓపిక నిజంగా లేదు. ఆ చెప్పడమంతా ఇందాక చిన్న డాక్టరు చేశాడు. నేనూ ఆ కూలి గుడారాల్లో పుట్టినదాన్నే, ఆమె లెక్క నాకు అర్థమవుతుంది. ఆ లెక్కలోనే అడిగాను.

"తీసుకపో. కానీ తిమ్మక్కా, ఇప్పుడు ఈమె సొంతంగ ఊపిరి తీస్తలేదు, ఇది సంచి ఊపిరి. ఇంటికి పోయినంక నువ్వు సంచి తీస్తే ఎవరి ఊపిరి పోయినట్టు? సంచి ఊపిరి లెక్కకొస్తదా?"

తిమ్మక్క వరండాలోకి పోయింది. అక్కడ వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. కిటికీలోంచి వాళ్ల మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. రబ్బరు గాలి ప్రాణమెట్ల అయితది అని ఆయన, అట్లైతే ఎప్పుడో పోయినట్టేనా అని పరశన్న. చాలాసేపే అయింది. ఈలోపు చిన్న డాక్టరు నా దగ్గర సంచి తీసుకుని నొక్కుతున్నాడు. వాళ్లు ఒక నిర్ణయానికొచ్చారు. సంచి ఊపిరి లెక్కకు రాదు.

తిమ్మక్క తిరిగొచ్చి, సొంత ఊపిరి మళ్లా వస్తదా అని అడిగింది. వస్తదని డాక్టరు చెప్తుండు అన్నాను. వస్తే ఎంతసేపు ఉంటుందని అడిగింది.

"ఇల్లు చేరేదాకైతే ఉంటది" అన్నాను.

"అట్లైతే నొక్కుదాం. సొంతది రానీ, వచ్చినంక తీసుకపోత" అంది.

కోడలు బతుకుతుందని తిమ్మక్క ఒప్పుకోలేదు. ఇంట్లో చనిపోవడానికి కావలసిన ఊపిరి కోసం ఒప్పుకుంది. నాకు ఏ ఊపిరైనా ఒకటే. ఆమెకు కాళ్లు చేతులు కడుక్కుని రమ్మని చెప్పి సంచి చేతికిచ్చాను.

బదులు

పెద్దగా నేర్పాల్సిందేమీ లేదు. మీరు ఊపిరి తీసినప్పుడు నొక్కండి, వదిలినప్పుడు వదలండి అని చెప్పాను. ఛాతీ లేస్తోందా లేదా చూస్తూ ఉండాలి, గట్టిగా పిసకకూడదు, మాటల్లో పడి ఆపకూడదు. తిమ్మక్క, పరశన్న, చిన్న డాక్టరు, నేను వంతులు వేసుకున్నాం. సాయంత్రానికి వాళ్లతో బదులు చేసే ఆడవాళ్లు చేనుపని ముగించుకుని వచ్చారు. మొగ్గ చిట్లకుండా ఒలిచే చేతులు వాళ్లవి. నేను ఒకసారి చూపించగానే పట్టేశారు. ఒకరి చేయి అలసిపోగానే ఇంకొకరు, నా బదులొచ్చింది లే అని కూర్చునేవాళ్లు. చేలో ఎలా అంటారో అలాగే.

నేను మధ్య మధ్య గొట్టంలో చేరిన తెమడ తీసేదాన్ని, కళ్లలో మందు వేసి తడిగుడ్డ కప్పేదాన్ని, పక్కకు తిప్పి పడుకోబెట్టేదాన్ని. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. గొప్ప కోసం కాదు, పోతే ఆటో మళ్లీ వస్తుందని భయం. చిన్న డాక్టరు పక్క బల్ల మీద బూట్లతోనే నిద్రపోయాడు. పరశన్న నొక్కుతూ నొక్కుతూ ఏడ్చేవాడు, ఏడుస్తూ ఆపేవాడు, ఎవరో ఒకరు భుజం తట్టేవాళ్లు. తిమ్మక్క ఎవరితోనూ మాట్లాడేది కాదు. తన వంతు కాని వేళ మంచం కాళ్ల దగ్గర కూర్చుని, వచ్చిందా సొంతది అని మాత్రం అడిగేది. రాలేదనేదాన్ని.

మరునాడు కాలి బొటనవేలు కదిలింది. మొదట నా భ్రమ అనుకున్నాను. డాక్టరు వంగి, జములమ్మా మళ్లీ కదిలించమ్మా అన్నాడు. మళ్లీ కదిలింది. పరశన్న ఆ కాలు పట్టుకుని వదల్లేదు. తిమ్మక్క వచ్చి చూసి, ఊపిరి వచ్చినట్టేనా అంది. అది వేలే, ఊపిరి కాదు అన్నాను. ఆమె వెళ్లి మళ్లీ తన చోట కూర్చుంది. కానీ ఆ సాయంత్రం ఆటో అతన్ని, ఇక్కడెందుకు కాసుకున్నవు, పోయి నీ పని చూసుకో అని పంపేసింది.

ఆ తర్వాత నుదురు ముడిపడింది, ఒక రెప్ప సగం లేచింది. ఇంకా తర్వాత తిమ్మక్క నొక్కుతుండగా సంచి లోపలికి పోకుండా చేతికి ఎదురు తన్నింది. ఆమె భయపడి నన్ను పిలిచింది. చూస్తే జములమ్మ తనంతట గాలి లాగుతోంది. ముందు నాలుగు ఊపిర్లకు ఒకటి, తర్వాత సగం, తర్వాత అన్నీ. డాక్టరు గొట్టం తీశాక జములమ్మ దగ్గింది. అంత మంచి దగ్గు నేను మళ్లీ వినలేదు.

ఊరి పెద్దమనిషి పలకరించడానికొచ్చి, సొంత ఊపిరి వచ్చింది గదా, ఇగ తీసుకపోదామా అని తిమ్మక్కను అడిగాడు. ఆయన మంచి మనసుతోనే అడిగాడు, ఒప్పందం అదే కాబట్టి.

"ఎందుకు తీసుకపోవుడు, నడిచొస్తది" అంది తిమ్మక్క.

మొక్కులు

వాళ్లు తర్వాత మల్దకల్ పోయి వెంకటేశ్వరుడికి తలనీలాలిచ్చారు. పాము మంత్రం వేసే ఆయనకు కోడిపుంజు ఇచ్చారు, ఊళ్లోనే కూర్చుని ఆయన మంత్రంతో విషాన్ని ఆపాడట. చిన్న డాక్టరుకు దండ వేశారు. మాకు పచ్చి వేరుశనగ కాయల మూట తెచ్చారు, ఉడకబెట్టుకుని తిన్నాం. నేను ప్రభువుకు ప్రార్థన చేసుకున్నాను. ఎవరి మొక్కు వాళ్లది, నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు.

సంచికి మాత్రం ఎవరూ ఏమీ చెల్లించలేదు. నేను దాన్ని విప్పి, సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టాను. ఆరబెడుతూ ఒక ఆలోచన వచ్చింది. దీన్ని ఎవరో ఒకరు మొదట తయారు చేశారు. గుర్రానికి విషం పట్టించి మందు తీయొచ్చని ఎవరికో తోచింది. గొంతులో గొట్టం వేస్తే మనిషి బతుకుతాడని ఎవరో ధైర్యం చేశారు, మొదట్లో ఎందరు పోయారో తెలియదు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. పరీక్షలకు చదివే ఉంటాను, మరిచిపోయాను. ఎక్కడో మంచు దేశంలో దీపం ముందు కూర్చుని వంగి పనిచేసిన ఆ మనుషులకు, వడ్డేపల్లి వైపు పత్తిచేలో చాప మీద పడుకునే ఒక కోడలి గురించి ఏం తెలుసు. అయినా వాళ్ల పని ఆమెదాకా వచ్చింది. కాలువ కట్టల గుడారం దాకా రానిది ఇక్కడిదాకా వచ్చింది. నా ఉద్యోగంలో నేను చూసిన అద్భుతం ఏదైనా ఉంటే ఇదే. మా అమ్మ దీన్ని చూడకుండానే పోయింది, అది నాకు బాధ.

ఇప్పుడు చాలాచోట్ల వెంటిలేటర్లు ఉన్నాయి. మంచిదే, చేతులు నొప్పి పుట్టవు. కానీ అమ్మాయిలూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కట్ల పాము కరిచినవాళ్లు శవంలా కనిపిస్తారు కానీ చాలాసార్లు అన్నీ వింటుంటారు. మంచం దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు మాట్లాడొద్దు.

పుస్తకంలో ఉన్న ఈ మాట నాకూ తెలుసు. తెలుసనే అనుకున్నాను, జములమ్మ ఇంటికి పోయే రోజు దాకా. చేతికి ఉన్న సెలైన్ సూది తీయడానికి ఆమె దగ్గరికెళ్లాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. తిమ్మక్క కింద కూర్చుని బట్టలు మూట కడుతోంది. నీకేమైనా తెలిసేదా అని ఊరికే అడిగాను.

అంతా వినబడిందంది. అత్త తనను పోయిందనడం, ఆటో చప్పుడు, సంచి ఊపిరి లెక్కకు రాదనడం, అన్నీ. నేను బతికున్న అని చెప్పాలని చూస్తే ఒక్క రెప్ప కూడా కదల్లేదట. చెబుతూ ఉంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత తుడుచుకుని, మీలో ఎవరు నొక్కుతున్నారో కూడా తెలిసిపోయేదంది.

"ఎట్ల తెలిసేది?"

"ఊపిరి తీరును బట్టి. నీది గబగబ వచ్చేది సిస్టరమ్మా, పనున్నోళ్ల తీరు. మా ఆయనది మధ్యల ఆగేది, ఆయన బదులొస్తే నాకు పాణం దడదడ అనేది. ఆయన కూసున్నంతసేపు భయంతోనే ఉంటుంటి" అంది. "అత్తది బదులొచ్చినప్పుడే నిద్రపోయిన."

తిమ్మక్క చేతిలో మూట ముడి సగంలో ఆగింది. ఆమె తల ఎత్తలేదు.

"పండుకున్నవని నాకెట్ల తెల్వాలె" అంది. "తెలిస్తే ఇంకా జర నిమ్మళంగ నొక్కుతుంటి గదనే."